‘సర్వర్ డౌన్’ అన్న మాట వెనకాల

వార్షికోత్సవ సంచికకి పాత విద్యార్థుల తరఫున ఏదైనా రాసి పంపమని తమ్ముళ్లు అడిగారు. మామూలుగా అయితే హాస్టల్ జ్ఞాపకాలు రాసేవాళ్లం. కానీ ప్రతి సంచికలోనూ అవే వస్తున్నాయి. నీళ్లచారు, ఆదివారం గుడ్డు, కరెంటు పోయిన రాత్రి వరండాలో అంత్యాక్షరి. చదివిన వాళ్లకి అదే చారు మళ్లీ తాగినట్టుంటుంది. అందుకని ఈసారి వేరే సంగతి ఎత్తుకున్నాం. 2009లో నోకియా అనే పెద్ద సెల్‌ఫోన్ కంపెనీ ప్రపంచమంతటికీ ఒక దుకాణం తెరిచింది. తెరిచిన రోజే అది సరిగ్గా పనిచేయలేదు. వాడేవాళ్లు తిట్టిపోశారు. ఆ తిట్లలో మనం తెలుసుకోవలసింది చాలా ఉందని మా అభిప్రాయం.

హాస్టల్ పిల్లలకీ ఫిన్లాండ్ కంపెనీకీ ఏం సంబంధం అని మీరు అడగవచ్చు. ఇవాళ మీ దరఖాస్తు, మీ ఫీజు, మీ హాజరు, మీ ఫలితాలు అన్నీ ఏదో ఒక యాప్‌లోనో సైటులోనో ఉన్నాయి. అవి పనిచేయకపోతే నష్టపోయేది ముందు మీరు. అందుకే సంబంధం ఉంది.

మేము 2006 నుంచి 2010 దాకా ఈ హాస్టల్‌లో ఉన్న బ్యాచ్ వాళ్లం. నలుగురం కూర్చుని ఇది రాశాం. ఒకరు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పని చేస్తున్నారు. ఒకరు మండల కేంద్రంలో సెల్ రిపేరు షాపు నడుపుతున్నారు. మిగిలిన ఇద్దరం పంతుళ్లం. నలుగురికీ అన్ని విషయాల్లోనూ ఏకాభిప్రాయం లేదు. లేని చోట లేదనే రాశాం.

ముందుగా ఆ రోజులు ఎలా ఉండేవో చెప్పాలి. మా కాలంలో హాస్టల్ మొత్తానికి రెండు సెల్‌ఫోన్లుండేవి. ఒకటి వార్డెన్ సార్‌ది, ఒకటి వంట చేసే అన్నది. రెండూ నోకియా 1100లే. 2003లో వచ్చిన ఫోన్ అది. పైన టార్చి లైటు, దుమ్ము దూరని రబ్బరు కీప్యాడ్. ప్రపంచం మొత్తం మీద 25 కోట్లకు పైగా అమ్ముడైంది. అందులో పాము ఆట తప్ప ఇంకేమీ ఎక్కించుకునే వీలు లేదు. అయినా వంట అన్న మంచిగా ఉన్న రోజున ఆ పాము కోసం మేం వరసలో నిలబడేవాళ్లం. ఆ రోజుల్లో ప్రపంచంలో అమ్ముడయ్యే ప్రతి పది ఫోన్లలో సుమారు నాలుగు నోకియావే. మన దేశంలో అంతకన్నా ఎక్కువే. పల్లెల్లో సెల్ అంటే నోకియా అనే అర్థం.

అలాంటి సమయంలో 2008 జులై 10న ఆపిల్ కంపెనీ తన ఐఫోన్ కోసం యాప్ స్టోర్ తెరిచింది. మొదటి రోజు దాంట్లో ఉన్నవి సుమారు 500 యాప్‌లు. మొదటి మూడు నాలుగు రోజుల్లోనే కోటి డౌన్‌లోడ్లు జరిగాయి. అదే ఆగస్టులో ఐఫోన్ మన దేశానికి వచ్చింది. ధర 31,000 రూపాయలు. పేపర్లో ఆ ధర చూసి మా రూములో ఒకడు “సున్నా ఎక్కువ పడింది, అచ్చుతప్పు” అని పందెం కట్టి ఓడిపోయాడు.

నోకియా ఊరుకుంటుందా? 2007లోనే వాళ్లు ‘ఓవీ’ అనే పేరుతో కొత్త సేవలు ప్రకటించి ఉన్నారు. ఫిన్లాండ్ భాషలో ఓవీ అంటే తలుపు. మంచి పేరే పెట్టారు. 2009 ఫిబ్రవరిలో బార్సిలోనాలో జరిగిన మొబైల్ ప్రదర్శనలో ఓవీ స్టోర్ వస్తుందని చెప్పారు. మే 26న తెరిచారు. 50కి పైగా రకాల నోకియా ఫోన్లలో పనిచేస్తుందన్నారు. ఆపిల్ దగ్గర అప్పటికి ఉన్నది రెండు మోడళ్లే, రెంటికీ తెర కొలత ఒకటే. నోకియా బలం ముందు అది ఏ పాటి అనుకున్నవాళ్లే ఎక్కువ.

తలుపు తెరుచుకుంది. ఆదిలోనే హంసపాదు.

చాలామందికి పేజీయే తెరుచుకోలేదు. తెరుచుకున్న వాళ్లకి బొమ్మలు ఒకటొకటిగా, మన ఊరి బస్సు వచ్చినట్టు వచ్చాయి. కంపెనీ వెంటనే ఒక వివరణ ఇచ్చింది. అనుకోనంత రద్దీ వచ్చిందని, అందువల్ల పనితీరు దెబ్బతిన్నదని, కొత్త సర్వర్లు కలుపుతున్నామని దాని సారాంశం. ఆ మాట అబద్ధం కాదు. కొన్నాళ్లకి పేజీలు తెరుచుకోవడం మొదలైంది కూడా.

మా వాదన ఇక్కడి నుంచే మొదలవుతుంది. రద్దీ గొడవ తీరిపోయింది, నిజమే. మరి తిట్లు ఎందుకు తీరలేదు?

ఎందుకంటే ఆ తిట్లు రెండు రకాలు. తలుపు దగ్గరి గొడవ ఒకటి, లోపలి గొడవ ఒకటి. మొదటి రోజు రెండూ కలిసి ఒకే కేకగా వినపడ్డాయి. తలుపు దగ్గరి గొడవకి సర్వర్లు మందు. లోపలికి వెళ్లినవాళ్లు ఏమన్నారో చూడండి. యాప్ కోసం వెతికితే రింగ్‌టోన్లు, వాల్‌పేపర్లు అన్నీ ఒకే కుప్పలో కలిసి వస్తున్నాయన్నారు. ముందు ఖాతా తెరవమంటున్నారు, దాంట్లోనే సగం ఓపిక పోతోందన్నారు. పక్కవాడి నోకియాలో కనపడే ఆట నా నోకియాలో ఎందుకు కనపడదన్నారు. అంతకుముందు ‘మోష్’ అని నోకియాదే ఒక చోటు ఉండేది. వాడేవాళ్లు తమ దగ్గరున్నవి తెచ్చి అక్కడ పెడితే మిగతావాళ్లు ఉచితంగా తీసుకునేవారు. దాన్ని ఎత్తేసి కొత్త దుకాణంలో కలిపేస్తున్నారని దానికి అలవాటుపడ్డవాళ్లు నొచ్చుకున్నారు. డబ్బు పెట్టి కొనాలంటే క్రెడిట్ కార్డు కావాలి, లేకపోతే ఫోన్ బిల్లులో కట్టే వీలుండాలి. ఆ వీలు మొదట్లో కొన్ని దేశాలకే ఉంది. వాటిలో మన దేశం లేదు.

ఈ ఫిర్యాదుల్లో ఒక్కటి కూడా సర్వర్ కలిపితే తీరేది కాదు. అయినా కంపెనీ చెవిన ముందుగా పడ్డది తలుపు దగ్గరి కేకే. “జనం ఎక్కువ వచ్చారు” అని చెప్పుకోవడంలో ఒక సుఖం ఉంది. తప్పు ఒప్పుకున్నట్టూ ఉంటుంది, గొప్ప చెప్పుకున్నట్టూ ఉంటుంది. పెళ్లి భోజనంలో అన్నం చాలకపోతే పెళ్లివారు “అంతమంది వచ్చారండీ” అని మీసం తిప్పుతూ చెప్పినట్టు. కూర ఉప్పు కషాయంగా ఉందన్న మాట ఆ హడావుడిలో ఎవరికీ వినపడదు.

ఆపిల్ వాళ్లకి మాత్రం మొదటి రోజు సజావుగా జరిగిందా అంటే, లేదు. యాప్ స్టోర్ తెరిచిన మర్నాడు, 2008 జులై 11న, కొత్త ఐఫోన్ 3జీ అమ్మకం మొదలైంది. కొన్న ఫోన్‌ని దుకాణంలోనే ప్రాణం పోసి ఇవ్వాలి. ఆ పని చేసే సర్వర్లు పడుకున్నాయి. వరసల్లో నిలబడి కొన్నవాళ్లు పనిచేయని ఫోన్లు పట్టుకుని ఇళ్లకి పోయారు. పాత ఐఫోన్ ఉన్నవాళ్లు కొత్త సాఫ్ట్‌వేర్ వేసుకోబోయి ఉన్న ఫోన్ కూడా గంటల తరబడి పోగొట్టుకున్నారు. అదే సమయంలో మొదలుపెట్టిన మొబైల్‌మీ అనే ఈమెయిల్ సేవ ఇంకా అధ్వానం. కొంతమందికి రోజుల తరబడి మెయిల్ అందలేదు. వాళ్లకి గడువు ఒకసారి 30 రోజులు, మరోసారి 60 రోజులు ఉచితంగా పెంచవలసి వచ్చింది. ఇన్నింటినీ ఒకేసారి మొదలుపెట్టడం పొరపాటని స్టీవ్ జాబ్స్ ఆగస్టులో తన ఉద్యోగులకి రాసిన లేఖలో ఒప్పుకున్నాడు. ఈ ఒప్పుకోలు మాకు నచ్చింది. జనం ఎక్కువై కాదు, మేం పని పెట్టుకున్న పద్ధతి తప్పు అన్నాడు.

మరి రెండు చోట్లా మొదటి రోజు కూలిందే. ఒకరిని జనం క్షమించారు, ఇంకొకరిని అంతగా క్షమించలేదు. పాశ్చాత్య పత్రికలకి ఆపిల్ మీద మోజు కాబట్టి అని మా రిపేరు షాపు మిత్రుడి అభిప్రాయం. అందులో కొంత నిజం ఉండవచ్చు. కానీ మా టెస్టింగ్ మిత్రుడు చెప్పేది ఇంకా సరిగ్గా ఉందనిపించింది. ఆపిల్ యాప్ స్టోర్‌లో సర్వర్ లేచాక లోపలికి వెళ్లినవాడికి వెతికింది దొరికింది, నొక్కితే దిగింది, దిగింది నడిచింది. ఓవీలో లోపలికి వెళ్లినవాడికి ఇంకో తలుపు ఎదురైంది. మొదటి రోజు కోపం వర్షం లాంటిది, వెలిసిపోతుంది. రెండో వారంలో వచ్చే కోపం గోడకి పట్టిన చెమ్మ.

నోకియా పక్షాన కూడా ఒక మాట చెప్పకపోతే అన్యాయం అవుతుంది. యాభై రకాల ఫోన్లకి ఒకే దుకాణం పెట్టడం తమాషా కాదు. ఒక ఫోన్‌కి చిన్న తెర, ఒకదానికి పెద్ద తెర. ఒకటి మీటలది, ఒకటి వేలితో తాకేది. లోపలి సాఫ్ట్‌వేర్ కూడా ఒకటి కాదు. చవక ఫోన్లలో సిరీస్ 40, ఖరీదైన వాటిలో సింబియన్. అదే ఆటని ఎన్నో రకాలుగా తయారుచేయాలి. ఆపిల్ వాడు ఒకే కొలత చొక్కా కుట్టి అమ్ముతున్నాడు. నోకియా వాడు హాస్టల్ మొత్తానికి యూనిఫాం కుట్టాలి. మన హాస్టల్ యూనిఫాం సంగతి మీకు తెలియనిది కాదు. మూడో తరగతి వాడికీ పదో తరగతి వాడికీ టైలరు ఒకే కత్తెర వేసేవాడు. మా బ్యాచ్ ఫోటోలో ముందు వరసలో ఉన్న నలుగురి చేతులు ఎందుకు కనపడవో ఇప్పుడు అర్థమైందా? అందరికీ కుట్టాలనుకోవడం గొప్ప ఉద్దేశమే. కానీ అందరికీ కుట్టేవాడు అందరి కొలతలూ తీసుకోవాలి. కొలతలు తీయకుండా కుట్టాక, వేసుకున్నవాడు వదులుగా ఉందంటే అది వాడి ఒంటి తప్పు కాదు.

ఇంతవరకూ తిట్టినవాళ్ల గురించి రాశాం. అసలు మాకు ఎక్కువ ఆలోచన కలిగించింది తిట్టనివాళ్ల సంగతి.

2009 మేలో ఓవీ స్టోర్ గురించి తిట్టాలంటే ముందు నెట్ ఉండాలి, ఇంగ్లీషు రావాలి, ఎక్కడ తిట్టాలో తెలియాలి. ఈ మూడూ ఉన్నవాడి తిట్టే కంపెనీకి చేరింది. నోకియా ఫోన్లు లెక్కకు మించి కొన్న మన పల్లెల నుంచి ఎన్ని ఫిర్యాదులు వెళ్లి ఉంటాయి? మాకు తెలిసి మా ఊళ్ల నుంచి ఒక్కటీ వెళ్లలేదు. అంతా బాగుందని కాదు. తలుపు ఉందన్న సంగతే మాకు తెలియదు. తర్వాత ఒకటి రెండేళ్లకి మాలో ఒకడు ఇంజనీరింగ్‌లో చేరి సెకండ్ హ్యాండ్ టచ్ ఫోన్ ఒకటి కొన్నాడు. దాంట్లో యాప్‌ల దుకాణం బొమ్మ కనపడితే అందరం మీద పడి నొక్కాం. కాసేపటికి బాలెన్సు సున్నా. నెట్ ప్యాకు వేయించుకుంటే తప్ప అది ముట్టుకోకూడదని మాకెవరికీ తెలియదు. తప్పు మాదే. కానీ ఆ తర్వాత ఆరు నెలల దాకా ఆ బొమ్మ జోలికి ఎవరం పోలేదు. కంపెనీ లెక్కలో మేము ‘వచ్చి చూసి వెళ్లిన వాడుకదారులం’ అయి ఉంటాం. మా భయం ఏ లెక్కలోనూ ఉండదు.

అలాగని మాకు దుకాణమే లేదా? ఉంది. ఇది మా రిపేరు షాపు మిత్రుడికి ప్రీతిపాత్రమైన విషయం. మండల కేంద్రంలో బస్టాండు ఎదురుగా ఒక బల్ల, ఒక కంప్యూటరు, ఒక కార్డు రీడరు. మెమరీ కార్డు ఇస్తే పది రూపాయలకి పాటలు, ఇరవైకి పాటలూ ఆటలూ ఎక్కించి ఇచ్చేవాళ్లు. అతను పదో తరగతి సెలవుల్లో అక్కడే కూర్చుని పని నేర్చుకున్నాడు. ఆ బల్ల దగ్గర ఖాతా తెరవనక్కరలేదు. కార్డు గీకనక్కరలేదు. ఫోన్ చూడగానే “దీనికి ఈ ఆట పడదు తమ్ముడూ, వేరేది వేస్తా” అని తెలుగులో చెప్పేవాడుంటాడు. ఇంటికి వెళ్లాక నడవకపోతే మర్నాడు తెచ్చి బల్ల మీద కొట్టి అడగవచ్చు. ఓవీ వాడుకదారులు ఏమేం లేవని మొత్తుకున్నారో అవన్నీ ఆ బల్ల దగ్గర ఉన్నాయి.

అక్కడ ఎక్కించేవన్నీ అనుమతి లేని కాపీలే, అది తప్పే. పాట కట్టినవాడికీ ఆట తయారుచేసినవాడికీ పైసా వెళ్లేది కాదు. పంతుళ్లం ఇద్దరం ఈ మాట తప్పకుండా రాయాలన్నాం. రిపేరు షాపు మిత్రుడు మూతి ముడిచాడు గాని ఒప్పుకున్నాడు. అయితే అతను అడిగిన ప్రశ్నకి మా దగ్గర జవాబు లేదు. “కోట్లు ఖర్చు పెట్టి దుకాణం కట్టేవాళ్లు, కట్టే ముందు నా బల్ల దగ్గర ఒక్క రోజు కూర్చుంటే ఏం పోయేది?” అన్నాడు.

తర్వాతి కథ త్వరగా చెప్పేస్తాం. ఓవీ స్టోర్ మెల్లగా బాగుపడింది. 2010 జనవరిలో ఓవీ మ్యాప్స్‌లో దారి చూపించే సౌకర్యం ఉచితం చేశారు, జనం సంతోషంగా తీసుకున్నారు. ఆ ఏడాది చివరికి స్టోర్ నుంచి రోజుకి 30 లక్షల డౌన్‌లోడ్లు జరిగేవి. 2011లో ఓవీ అనే పేరు తీసేస్తున్నామని ప్రకటించి నోకియా స్టోర్ అన్నారు. అదే ఏడాది ఫిబ్రవరిలో సింబియన్ వదిలి మైక్రోసాఫ్ట్ సాఫ్ట్‌వేర్ వైపు పోతున్నామన్నారు. 2014 ఏప్రిల్‌లో ఫోన్ల వ్యాపారమే మైక్రోసాఫ్ట్ చేతికి వెళ్లింది. తమిళనాడులోని శ్రీపెరుంబుదూరులో 2006లో మొదలైన నోకియా ఫ్యాక్టరీ 2014 నవంబరులో మూతపడింది. 2015లో ఆ స్టోర్ కూడా పోయింది. మే 26న సర్వర్ కూలబట్టే ఇదంతా జరిగిందని మేము అనం. అంత పెద్ద చెట్టు ఒక్క గొడ్డలి దెబ్బకి పడదు. కానీ చెదలు ఎక్కడ పట్టిందో ఆ రోజు తిట్టినవాళ్లు వేలు పెట్టి చూపించారని మాత్రం అంటాం.

ఇప్పుడు మన సంగతికి వద్దాం.

మేము ఇంటర్ అయ్యాక ఒక దరఖాస్తు పెట్టుకోవలసి వచ్చింది. ఏ సైటు, ఎవరిది అన్నది ఇక్కడ వద్దు. ఆఖరి తేదీకి మూడు రోజుల ముందు నుంచి నెట్ సెంటరుకి తిరిగాం. గంటకి ఇరవై రూపాయలు. నెట్ సెంటరు అన్న తెర చూసి ఒకటే మాట చెప్పేవాడు. “సర్వర్ డౌన్.” మూడో రోజు రాత్రి తొమ్మిదిన్నరకి నలుగురిలో ముగ్గురి దరఖాస్తులు పోయాయి. నాలుగోవాడిది ఆఖరి పేజీలో ఆగిపోయింది. మర్నాడు వెళ్లి అడిగితే “ముందే పెట్టుకోవలసింది, ఆఖరి రోజు దాకా ఏం చేస్తున్నారు?” అన్నారు. వాడి దగ్గర మూడు రోజుల నెట్ సెంటరు ఖర్చు తప్ప రుజువు ఏదీ లేదు. ఒక సంవత్సరం పోయింది. వాడు ఇవాళ పంతులు ఉద్యోగంలో ఉన్నాడు, ఈ వ్యాసం రాసినవాళ్లలో ఉన్నాడు. కాబట్టి కథ సుఖాంతమే. కానీ ఆ సంవత్సరం వాళ్ల నాన్నతో పాటు మిరపచేలో కూలికి వెళ్లాడు. దాన్ని ఎవరూ తిరిగి ఇవ్వలేదు, గడువు ఒక్క రోజు కూడా పెంచలేదు.

ఇక్కడ మాకు ఓవీ కథ గుర్తొస్తుంది. ఎంతమంది వస్తారో మాకు తెలియదు అని నోకియా అనవచ్చు. ప్రపంచంలో ఎవరు ఎప్పుడు నొక్కుతారో ఎవరికి తెలుసు? కానీ విద్యార్థుల దరఖాస్తు తీసుకునే సైటుకి ఆ సాకు లేదు. పరీక్ష ఎంతమంది రాశారో తెలుసు. ఎంతమంది పాసయ్యారో తెలుసు. ఆఖరి తేదీ ఎప్పుడో వాళ్లే పెట్టారు. పెళ్లికి ఎంతమంది వస్తారో పేర్లతో సహా జాబితా చేతిలో పెట్టుకుని అన్నం చాలలేదంటే ఏమనాలి? ‘రద్దీ’ అనే మాటని ఇలాంటి చోట మనం ఒప్పుకోకూడదు. ఆఖరి రోజున సైటు ఎన్ని గంటలు ఆగితే గడువు అన్ని గంటలు దానంతటదే పెరగాలి. ఇది దయ కాదు, మామూలు లెక్క.

ఇక మీ వైపు నుంచి కూడా ఒకటి ఉంది. ఇప్పుడు మీ చేతుల్లో ఫోన్లున్నాయి, ఏ యాప్ కిందనైనా అభిప్రాయం రాసే వీలుంది. మీరు ఏం రాస్తున్నారో సరదాకి చూశాం. “వేస్ట్ యాప్.” ఒక చుక్క. “చెత్త, ఎవరూ వేసుకోకండి.” ఒక చుక్క. కోపం న్యాయమైనదే. కానీ ఇది తలుపు కొట్టి పారిపోవడమే. మా టెస్టింగ్ మిత్రుడి పని ఇలాంటివి చదవడమే. రోజుకి వందలు చదువుతాడట. “చెత్త అన్నదాన్ని ఏం చేయను? ఎక్కడ చెత్తో తెలియదు కదా” అంటాడు. అదే ఒకతను “ఫలానా మోడల్ ఫోన్, సోమవారం రాత్రి ఎనిమిదింటికి, ఫోటో పెట్టాక ముందుకి అనే చోట నొక్కితే తెల్ల తెర వచ్చింది, మూడుసార్లు చేశాను” అని రాస్తే, దాన్ని పక్కన పెట్టే ధైర్యం ఎవరికీ ఉండదట. తెలుగులో రాసినా ఫరవాలేదు. చదివేవాడు లేకపోతే వెతుక్కుంటారు, అది వాళ్ల పని. 2024 ఫిబ్రవరిలో మన దేశంలోనే తయారైన ఇండస్ యాప్‌స్టోర్ తెలుగుతో సహా 12 భారతీయ భాషల్లో తెరుచుకుంది. మన భాషలో అడిగితే వినేవాళ్లు లేరనే రోజులు కొంతైనా పోయాయి.

అడగందే అమ్మయినా పెట్టదంటారు. మన పిల్లలకి అడగడం చేతకాదని కాదు. మెస్సులో చారు పలచనైతే పళ్లెం మోగించడం మా బ్యాచ్ దగ్గర నేర్చుకున్నవాళ్లున్నారు. కానీ తెర మీద తప్పు వస్తే మాత్రం ‘నాకే చేతకాలేదేమో’ అనుకుని నోరు మూసుకుంటాం. పక్కవాడికి కూడా చెప్పం. అడిగితే నవ్వుతారని భయం. 2009లో ఓవీ మీద గోల చేసినవాళ్లకి ఆ భయం లేదు. పేజీ తెరుచుకోకపోతే తప్పు పేజీదే అని వాళ్లకి పుట్టుకతో తెలిసినట్టు రాశారు. చదువులో వాళ్లు మనకన్నా ఎక్కువో తక్కువో మాకు తెలియదు గాని, ఆ ధీమాలో మాత్రం మనకన్నా చాలా ఎక్కువ.

అందుకని పాత విద్యార్థుల తరఫున ఒక చిన్న పని చేశాం. వార్డెన్ సార్ అనుమతితో రెండు వందల పేజీల లాంగ్ నోట్‌బుక్ ఒకటి వాచ్‌మన్ తాత గదిలో పెట్టాం. ఏ యాప్ గానీ సైటు గానీ మొరాయిస్తే తేదీ, టైము, ఫోన్ మోడల్, తెర మీద కనపడ్డ మాట, మీరు ఎక్కడ నొక్కారు అన్నది అందులో రాయండి. వీలైతే తెర ఫోటో తీసి ఉంచుకోండి. ఒకే రోజు ఒకే తప్పు పదిమందికి వచ్చిందని తేలితే దాన్ని పట్టుకుని ఎవరి దగ్గరికి వెళ్లాలో ఆ దగ్గరికి మేమే వెళ్తాం. సంక్రాంతి సెలవులకి ఒకసారి, వేసవిలో ఒకసారి వచ్చి చూస్తాం.

పుస్తకం తాత మంచం పక్కన గూట్లో ఉంటుంది. పెన్ను దారంతో కట్టాం. దయచేసి తెంపుకుపోకండి, ఇప్పటికి రెండు పోయాయి.